చదువుకు అధికారి ఎవరు?

విశ్వవిద్యాలయం తన దగ్గరికి వచ్చేవారిని రెండు పట్టికల్లో రాసుకుంటుంది. మొదటి పట్టికలోనివారు నిర్ణీతమైన పాఠ్యక్రమాన్ని నిర్ణీత కాలంలో ముగించి పట్టా పుచ్చుకోవడానికి చేరినవారు. రెండో పట్టికలోనివారు పట్టా ప్రసక్తి లేకుండా ఒకటి రెండు విషయాలు చదువుకొని, వీలైతే పరీక్ష రాసి, లేకుంటే పాఠం విని వెళ్లేవారు. అమెరికాలో ఈ రెండో వర్గాన్ని నాన్ డిగ్రీ విద్యార్థులు అంటారు. వారు తరగతిలో కూర్చోవచ్చు, క్రెడిట్లు కూడబెట్టుకోవచ్చు, కానీ ప్రభుత్వ ఆర్థిక సహాయం సాధారణంగా వారికి అందదు. ఈ విభజన కార్యాలయ సౌకర్యం కోసం ఏర్పడినట్టు పైకి కనిపించినా, దాని అడుగున మతానికీ తత్త్వానికీ సంబంధించిన పాత ప్రశ్న ఒకటి ఉంది: మనిషికి చదువుకునే అర్హత దేనివల్ల కలుగుతుంది, పేరు నమోదు కావడం వల్లనా, తెలుసుకోవాలన్న కోరిక వల్లనా? వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసకులు దీన్ని అధికార విచారం అన్నారు. అక్కడ అధికారమంటే ఒక పని చేసి దాని ఫలం పొందడానికి ఉండవలసిన యోగ్యత. ఆ యోగ్యతకు వారు చెప్పిన లక్షణాలు నాలుగు: ఫలాన్ని కోరేవాడు, చేయగల శక్తి ఉన్నవాడు, దాని తీరు తెలిసినవాడు, శాస్త్రం వద్దని తోసిపుచ్చనివాడు. ఈ నాలుగింటిలో చివరిదే ఎక్కువమందిని గడప బయట నిలబెట్టింది.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు విశ్వవిద్యాలయపు చదువు చేరువైంది ఇటీవలనే. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. ఆ తరువాత ప్రొద్దుటూరులో వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల, 2008లో వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో పదో తరగతి ముగించిన పల్లెటూరి పిల్లల కోసం ట్రిపుల్ ఐటీ వచ్చాయి. అంతకుముందు పెద్ద చదువంటే చాలావరకు తిరుపతికో అనంతపురానికో ఇల్లు వదిలి వెళ్లవలసినవారికి ఇది చిన్న మార్పు కాదు. అయినా ఈ మూడు ఊళ్లలో ఒక్కొక్కరి చదువును గురించి జనం చెప్పుకునే మాటలు వింటే రెండు పట్టికలు చాలవని తెలుస్తుంది. ఒకరు రెగ్యులర్‌గా చదువుతున్నారు, ఒకరు ప్రైవేటుగా కట్టారు, ఒకరు ఓపెన్‌లో చేస్తున్నారు, ఇంకొకరు రెండో ఏడాది డిస్కంటిన్యూ అయినారు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తక్కెడ ముందు కూర్చునే గుమాస్తా, జమ్మలమడుగు ప్రాంతంలో మగ్గం మీద పనిచేసే యువతి, పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటకు నీళ్లు కట్టే రైతు కొడుకు ఈ చివరి మూడు మాటల్లో ఎక్కడో ఒకచోట ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వపు ఫీజు రీయింబర్స్‌మెంటు మొదటి మాటకే వర్తిస్తుంది, అదీ హాజరు 75 శాతం ఉంటేనే. తక్కినవారు చదువుతున్నారన్న సంగతి లోకానికి తెలుసు, లెక్కకు మాత్రం అందదు.

ప్రాచీన ధర్మశాస్త్రాలు విద్యార్థి స్థితిని ఇంతకన్నా సూక్ష్మంగా విడదీశాయి. అవి బ్రహ్మచారులను ఉపకుర్వాణులు, నైష్ఠికులు అని రెండు తెగలుగా చెప్పాయి. ఉపకుర్వాణుడు వేదం నేర్చి, గురువుకు దక్షిణ సమర్పించి, సమావర్తనమనే స్నానవిధితో చదువును ముగించుకొని ఇంటికి మళ్లి గృహస్థు అయ్యేవాడు. నైష్ఠికుడు బతికినంతకాలం గురుకులంలోనే ఉండి చదువుతూ శుశ్రూష చేస్తూ దేహం చాలించేవాడు. అతనికి సమావర్తనం లేదు కనుక అతడు స్నాతకుడు కాడు, నేటి భాషలో పట్టభద్రుడు కాడు. అయినా అతణ్ణి తక్కువ రకం విద్యార్థి అని శాస్త్రం ఎక్కడా అనలేదు, అతని నిష్ఠను గొప్పగానే ఎంచింది. పారస్కర గృహ్యసూత్రం ఇంకో అడుగు ముందుకు వేసి స్నాతకులలోనే మూడు రకాలను చూపింది: వేదం పూర్తిగా నేర్చి, వ్రతకాలం ముగియకముందే మళ్లినవాడు విద్యాస్నాతకుడు, వ్రతకాలం గడిపి, వేదం పూర్తిగా నేర్వకుండా మళ్లినవాడు వ్రతస్నాతకుడు, రెండూ ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. హాజరు వేరు, నేర్పు వేరు అని ఇంత స్పష్టంగా గుర్తించి, ఆ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఏ ఒక్కటి ఉన్నవాణ్ణయినా స్నాతకుడిగానే అంగీకరించిన వ్యవస్థ అది. నేటి డిగ్రీ కళాశాలలో హాజరు చాలక డీటెయిన్ అయినవాడికీ, హాజరంతా ఉండి సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాస్తున్నవాడికీ ఒకే మాట దక్కుతుంది: పాస్ కాలేదు. ఆ ఇద్దరూ ఒకే స్థితిలో లేరని పారస్కరుడికి తెలుసు.

పట్టాకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని మీమాంసలోని ఒక సుప్రసిద్ధమైన ఉదాహరణ బాగా తేటపరుస్తుంది. యజ్ఞంలో పురోడాశమనే పిండివంట కోసం వడ్లను దంచాలని విధి. పొట్టు పోవడమే ప్రయోజనమైతే గోళ్లతో ఒలిచినా బియ్యం వస్తాయి. రోలూ రోకలీ అక్కర లేదు. అందువల్ల మీమాంసకులు ఇక్కడ రెండు ఫలాలను వేరుచేశారు. పొట్టు పోవడం కంటికి కనిపించే ఫలం, దాన్ని దృష్టం అన్నారు. దంచే పద్ధతిలోనే పొట్టు తీయడం వల్ల యజ్ఞానికి ఒనగూడే ఫలం కంటికి కనిపించనిది, దాన్ని అదృష్టం అన్నారు. ఒలిచిన బియ్యం కూడా బియ్యమే, కానీ యజ్ఞానికి పనికిరావు. విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఈ రెండో జాతికి చెందినది. ఇన్ని సెమిస్టర్లు, ఇన్ని క్రెడిట్లు, ఇంత హాజరు, ఈ వరుసలో ఈ పరీక్షలు అన్న విధిని పాటిస్తేనే అది సిద్ధిస్తుంది. విధిలో ఒక అంగం లోపించినా సిద్ధించదు, అలా సిద్ధించకపోవడంలో అన్యాయమేమీ లేదు. చదువు మొదటి జాతికి చెందినది. ఉష్ణగతికశాస్త్రపు రెండో సూత్రం అర్థమైతే అర్థమైనట్టే. అది తరగతిలో అర్థమైందా, అంగడి మూసిన తరువాత చరవాణిలో ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదికమీది పాఠం వింటే అర్థమైందా అన్నదానితో ఆ సూత్రానికి పనిలేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదృష్టఫలానికి ఏర్పరచిన నియమాలన్నిటినీ సంస్థలు దృష్టఫలానికీ తగిలించినప్పుడు. పట్టా కోసం చేరనివాడికి పాఠం వినే దారి కూడా ఉండకూడదనడం, యజ్ఞానికి పనికిరాని బియ్యాన్ని అన్నానికి కూడా పనికిరావని అనడంతో సమానం.

ఉపనిషత్తులలో గురుశిష్యులు కలుసుకునే సన్నివేశాలను వరుసగా చూస్తే, నమోదు విధి ఎంత ముఖ్యమో, దాన్ని సడలించడమూ అంత సహజంగా జరిగిందని తెలుస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో ఐదుగురు మహాగృహస్థులు, స్వయంగా గొప్ప శ్రోత్రియులు, వైశ్వానరాత్మను తెలుసుకోవాలని ఉద్దాలక ఆరుణిని ఆశ్రయిస్తారు. తనకూ అది పూర్తిగా తెలియదని గ్రహించిన ఉద్దాలకుడు వారిని వెంటబెట్టుకొని కేకయరాజు అశ్వపతి దగ్గరికి వెళతాడు. రాజు వారికి ధనమివ్వబోతే వారు విద్య కావాలంటారు. మరునాటి ఉదయం ఆ ఆరుగురూ చేతుల్లో సమిధలు పట్టుకొని, అంటే కొత్తగా చేరే పసివిద్యార్థుల మాదిరిగా, రాజు ముందు నిలబడతారు. వారు పేరు నమోదుకు సిద్ధపడి వచ్చారు. అశ్వపతి మాత్రం వారికి ఉపనయనం చేయకుండానే ఉపదేశం మొదలుపెట్టాడని ఉపనిషత్తు ప్రత్యేకించి చెబుతుంది. ఆ ఒక్క మాట లేకపోయినా కథ నడిచేది. చెప్పవలసిన సంగతి అనుకున్నారు కనుకనే చెప్పారు. సమిధలు పట్టుకొచ్చిన వినయమే అర్హత అయింది, సంస్కారం మిగిలిపోయింది. బృహదారణ్యకం ఆరో అధ్యాయంలో గౌతముడు ప్రవాహణ జైవలి దగ్గరికి వెళ్లినప్పుడు, పూర్వులు మాటతోనే శిష్యత్వం స్వీకరించేవారని చెప్పి, అలా మాటతోనే శిష్యుడవుతాడు. ఛాందోగ్యం ఏడో అధ్యాయంలో సనత్కుమారుడు నారదుణ్ణి ముందుగా నీకు ఇదివరకే ఏమి తెలుసో చెప్పు, అక్కడినుంచి పైకి చెబుతాను అంటాడు. నారదుడు నాలుగు వేదాలు మొదలుకొని గణితం, తర్కం, నక్షత్రవిద్య దాకా జాబితా చదువుతాడు. నేడు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు, విద్యార్థి ఎక్కడెక్కడో సంపాదించిన క్రెడిట్లను ఒక ఖాతాలో దాచి కొత్త సంస్థకు చూపే పద్ధతి, పైకి ఈ సంభాషణనే తలపిస్తుంది. తేడా ఒకటుంది: సనత్కుమారుడు ఆ జాబితాను విన్నాక, అదంతా కేవలం పేరు అని చెప్పగలిగాడు. ఖాతాలోని అంకెకు ఆ మాట చెప్పే గొంతు లేదు. అది చెప్పవలసింది ఎదుట కూర్చున్న అధ్యాపకుడు.

ఈ విచారమంతటికీ కీలకమైన స్థలం బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం నాలుగో పాదంలో ఉంది. అక్కడి నాలుగు సూత్రాల గుంపును శంకర సంప్రదాయంలో విధురాధికరణం అంటారు. విధురుడంటే భార్య పోయినవాడు. అతడు బ్రహ్మచారి కాడు, గృహస్థధర్మాలు చేయడానికి భార్య లేదు కనుక గృహస్థూ కాడు, వానప్రస్థమో సన్యాసమో తీసుకోలేదు. శంకరులు అతనితోపాటు, ఆశ్రమధర్మాలు నిర్వహించడానికి డబ్బూ సాధనాలూ లేనివారిని కూడా ఇదే కోవలో చేర్చారు. వీరిని ఆయన అంతరాలవర్తులు అన్నారు, నాలుగు ఆశ్రమాల మధ్య సందుల్లో నిలిచినవారని అర్థం. వీరికి బ్రహ్మవిద్యలో అధికారం ఉందా అన్నది ప్రశ్న. పూర్వపక్షం బలమైనదే: విద్యకు ఆశ్రమకర్మలు తోడ్పడతాయని ముందే నిర్ణయించారు, వీరికి ఆ కర్మలు లేవు, కాబట్టి అధికారమూ లేదు. సిద్ధాంతం దీన్ని తర్కంతో కాక చూపుతో ఖండిస్తుంది: అలాంటివారు జ్ఞానులైన సంగతి శ్రుతిలోనే కనిపిస్తున్నది కదా! బండి కింద కూర్చొని ఒంటిమీది గజ్జిని గోక్కుంటూ ఉన్న రైక్వుడి దగ్గరికి జానశ్రుతి అనే రాజు ఆవులనూ హారాన్నీ పట్టుకొని వచ్చి సంవర్గవిద్య చెప్పమని అడగవలసి వచ్చింది. జనకుడి సభలో వాచక్నవి, అంటే గార్గి, యాజ్ఞవల్క్యుణ్ణి నిలేసి ప్రశ్నించింది. వీరు ఏ పట్టికలోనూ లేరు.

ఆ గుంపులోని మూడో సూత్రం మీద శంకరులు చేసిన వ్యాఖ్య ఇంకా లోతైనది. జపం, ఉపవాసం, దేవతారాధన మొదలైనవి ఏ ఆశ్రమానికీ ప్రత్యేకించినవి కావు, మనిషై పుట్టినవాడెవడైనా చేయగలిగినవి కాబట్టి, అంతరాలవర్తికి అవే అనుగ్రహాన్ని కలిగిస్తాయని చెప్పి, ఆయన ఒక సూక్ష్మమైన వాదన జోడించారు: విద్య దృష్టఫలం కలది, కాబట్టి నిషేధం లేకపోవడం ఒక్కటే చాలు, కోరినవాడికి శ్రవణాదులలో అధికారం కలుగుతుంది. అనుమతిపత్రం ఉండి తీరాలని ఆయన అడగలేదు, అడ్డు లేకపోతే చాలునన్నారు. స్వర్గం కోరి చేసే యాగానికి ఈ మాట చెల్లదు. ఆకలి తీరడానికీ, చీకటిలో వస్తువు కనిపించడానికీ, చదువుకూ చెల్లుతుంది. ఈ వాక్యాన్ని విశ్వవిద్యాలయాల ప్రవేశ నిబంధనల పక్కన పెట్టి చదివితే, భారం ఎవరి మీద పడుతుందో స్పష్టమవుతుంది. చదవాలనుకునేవాడు తన అర్హతను నిరూపించుకోనక్కర లేదు. కూడదనేవారే ఎందుకు కూడదో చెప్పాలి.

అయితే ఇంతటి వాదన చేసిన అదే గ్రంథంలో, మొదటి అధ్యాయం మూడో పాదంలో, అపశూద్రాధికరణం ఉంది. అక్కడ ఉపనయనం లేదన్న కారణంగా, స్మృతులు నిషేధించాయన్న కారణంగా శూద్రులకు వేదపూర్వకమైన బ్రహ్మవిద్యలో అధికారం లేదని తేల్చారు. విదురుడు, ధర్మవ్యాధుడు వంటివారికి జ్ఞానం పూర్వజన్మ సంస్కారంవల్ల కలిగిందనీ, ఇతిహాసపురాణాలు వినే హక్కు మాత్రం నాలుగు వర్ణాలకూ ఉందనీ సర్దిచెప్పారు. ఈ రెండు అధికరణాలను కలిపి చదవకుండా ఒకదాన్నే పొగడడం నిజాయితీ అనిపించుకోదు. నిషేధం లేకపోతే చాలునన్న సూత్రం ఎంత ఉదారమైనదో, నిషేధాన్ని ఎవరు రాస్తారన్న ప్రశ్న దగ్గర అంత నిస్సహాయమైనది. విధురుణ్ణి లోపలికి పిలిచిన చేయే శూద్రుణ్ణి వెలుపల నిలిపింది, అలా నిలపడానికి పుట్టుక తప్ప మరో ఆధారం చూపలేకపోయింది. అధికార విచారంలోని ఈ గాయాన్ని కప్పిపుచ్చితే తక్కిన చర్చ అంతా చప్పబడిపోతుంది.

ఆ గాయానికి ఈ నేలమీదే సమాధానాలు పుట్టాయి. కందిమల్లాయపల్లెలో మఠం ఏర్పరచుకున్న పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులలో అగ్రగణ్యుడు దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్ధయ్య. మాదిగ కక్కయ్య మరో శిష్యుడు. అంతకుముందు బనగానపల్లెలో బ్రహ్మంగారు పశువులు కాసే కొలువులో ఉండగా, ఆ ఇంటి యజమానురాలు అచ్చమ్మ ఆయన దగ్గర ఉపదేశం పొందిందని సంప్రదాయం చెబుతుంది: జీతగాడు గురువు, జీతమిచ్చే ఇల్లాలు శిష్యురాలు. ఈ మూడు సందర్భాల్లోనూ ఏ ఉపనయనమూ అడ్డురాలేదు, ఎవరూ వర్ణం అడగలేదు. బద్వేలు ప్రాంతపు గోపవరానికి చెందినదిగా చెప్పుకునే మొల్ల తన రామాయణం పీఠికలోనే తాను శాస్త్రాలేవీ నేర్చినదాన్ని కాననీ, తన కవిత్వం శ్రీకంఠమల్లేశుడి వరమనీ చెప్పుకున్నది. ఇక వేమన సంగతి చెప్పనక్కర లేదు; ఆయన పద్యాలను కడప ప్రాంతంలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ సేకరించి 1829లో అచ్చువేయించాడు, ఏ పాఠశాల ముద్రా లేని ఆ యోగి పేరనే నేటి విశ్వవిద్యాలయం స్నాతకోత్సవాలు జరిపి పట్టాలిస్తున్నది. పేరు పెట్టుకున్నవారు ఆ పేరుకు కట్టుబడి ఉండాలని కోరడం తప్పు కాదు. వేమన పేరుగల విద్యాలయంలో పట్టా అక్కర లేకుండా వచ్చి కూర్చొని వినేవాడికి ఒక బెంచీ ఉండడం న్యాయం.

ప్రొద్దుటూరుకు సంబంధించినంతవరకు ఈ చర్చకు అందరికన్నా దగ్గరివాడు పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990). తెలుగు పండితుడిగా జీవితంలో ఎక్కువ భాగం ఈ జిల్లాలో గడిపిన ఆయన, ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో శివతాండవం రచించారు; భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. పసితనంలో రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం, ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్న నాటికి ఆ పరీక్షకే పాఠ్యగ్రంథమైంది. తన పుస్తకం మీద తనకే ప్రశ్నపత్రం వచ్చింది. చిన్న ప్రశ్నకు కాగితాలకు కాగితాలు జవాబు రాసి, తక్కిన ప్రశ్నలకు వేళ చాలక తప్పారని ఈ సీమలో నేటికీ చెప్పుకుంటారు. పరీక్షించినవారిని తప్పుపట్టడానికి ఇక్కడ ఆధారం లేదు. పరీక్షకు తన విధి ఉంది, అన్ని ప్రశ్నలూ రాయాలని ఆ విధి. ఆయనకు లేనిది ఆ విధిపాలన మాత్రమే. విద్వాన్ అనేది ఆ రోజుల్లో ఓరియంటల్ టైటిల్, అంటే సంస్కృతాంధ్రాది దేశీయ విద్యలలో విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు. అది బి.ఏ. వంటి పట్టా కాదు, ఆ బిరుదున్నవారు పాఠశాలల్లో పండితులుగా పనిచేసేవారు గాని గ్రాడ్యుయేట్ల వరుసలో నిలిచేవారు కారు. అంటే పట్టా ఉన్నవారు, పట్టా లేనివారు అన్న విభజన తెలుగు చదువుల్లో మొదటినుంచీ భాషలను బట్టి కూడా నడిచింది. ఆ తరువాత విశ్వవిద్యాలయాలు పుట్టపర్తివారికి గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. గౌరవ డాక్టరేటు విచిత్రమైన వస్తువు: చేరకుండా, చదవకుండా, పరీక్ష లేకుండా ఇచ్చే పట్టా. విధి లేకుండానే విధిఫలాన్ని ఇవ్వగలమని సంస్థలు ఆ ఒక్క సందర్భంలో తామే ఒప్పుకుంటాయి, అదీ ఆ మనిషి జీవితంలో కష్టకాలమంతా గడిచిపోయాక.

నమోదు లేని విద్యార్థి అనగానే తెలుగు పాఠకుడికి ఏకలవ్యుడు గుర్తుకు రాకమానడు. ఆ కథలో సాధారణంగా బొటనవేలి మీద నిలిచే చూపు, దానికి కారణమైన చోటికి వెళ్లదు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి శిష్యుడిగా చేర్చుకోలేదు. ఒక్క పాఠం చెప్పలేదు. అయినా గురుదక్షిణ అడిగాడు. చేర్చుకోవడంలో లేని సంబంధం వసూలు చేయడంలో వచ్చింది. ప్రైవేటుగా పరీక్ష కట్టే అభ్యర్థి స్థితిలో దీని ఛాయ ఉంది: ఫీజు కడతాడు, హాల్ టికెట్ తీసుకుంటాడు, పరీక్ష రాస్తాడు, కానీ ఆ ఏడాది పొడుగునా ఏ అధ్యాపకుడూ అతని సందేహం వినవలసిన బాధ్యతలో లేడు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో ఏర్పడి, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సంస్థ, ఏ ముందు చదువూ లేనివారిని సైతం అర్హత పరీక్ష మీద డిగ్రీలో చేర్చుకోవడం, ఆదివారాల్లో అధ్యయన కేంద్రాల్లో తరగతులు పెట్టడం ఈ అన్యాయానికి తెలుగునాట దొరికిన పెద్ద విరుగుడు అయింది. అంగళ్లలో, పొలాల్లో, ఇళ్లలో పనిచేస్తూ డిగ్రీ ముగించిన లెక్కలేనంతమంది ఆ దారిన వచ్చారు. అంబేడ్కర్ పేరు ఆ సంస్థకు ఊరికే అమరలేదు.

ఇన్ని చెప్పినా, పట్టా అనవసరమనీ చేరిక ఒట్టి లాంఛనమనీ అనుకోవడం పొరపాటు. విధురాధికరణపు చివరి సూత్రం అంతరాలవర్తికి అధికారం ఉందని తేల్చినవెంటనే, అంతకన్నా ఆశ్రమంలో ఉండడమే మేలు అని చెబుతుంది. ఆశ్రమంలో ఉన్నవాడికి సాధనాలు ఎక్కువ, తోడు ఎక్కువ, దారి తప్పితే చెప్పేవారు ఉంటారు. ఇది వెనకడుగు కాదు. చదువు ఎలా సాగుతుందో ఎరిగినవారి మాట. ఒంటరిగా చదివేవాడికి అన్నిటికన్నా పెద్ద ముప్పు, అయిపోయిందనుకోవడం. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయంలో ఇంద్రుడూ విరోచనుడూ ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు బ్రహ్మచర్యం చేసి, నీటిలో కనిపించే ప్రతిబింబాన్ని చూసి అదే ఆత్మ అనుకొని బయలుదేరతారు. విరోచనుడు ఆ సగం చదువుతోనే అసురులకు బోధకుడయ్యాడు. ఇంద్రుడికి దారిలో సందేహం వచ్చింది. వెనక్కి తిరిగి మరో 32, మరో 32, ఆపైన ఐదేళ్లు, మొత్తం 101 ఏళ్లు ఉండిపోయాడు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన క్రెడిట్ల చట్రం ప్రకారం మొదటి ఏడాది తరువాత వెళ్లేవారికి సర్టిఫికెట్టు, రెండో ఏడాది తరువాత డిప్లొమా, మూడో ఏడాదికి 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగో ఏడాదికి 160 క్రెడిట్లతో ఆనర్స్ దక్కుతాయి. మధ్యలో వెళ్లినవారు మళ్లీ వచ్చి చేరవచ్చు. డిస్కంటిన్యూ అన్న మాటకు ఒక కాగితమైనా దొరకడం మంచిదే. తండ్రికి జబ్బు చేసి రెండో ఏడాది ఊరికి వచ్చిన పిల్లవాడు చదివినదంతా సున్నా అయిపోకపోవడం కరుణగల ఏర్పాటు. కాని ఆ చట్రంలో బయటికి వెళ్లే తలుపు ఎంత వెడల్పుగా ఉందో, వెనక్కి వచ్చే తలుపు కూడా అంత వెడల్పుగా ఉందా అన్నది చూడాలి. ప్రజాపతి ఇంద్రుణ్ణి ఎందుకు తిరిగొచ్చావని అడిగాడు, వచ్చిన సందేహం విని మెచ్చుకొని మళ్లీ ఉంచుకున్నాడు. గడువు దాటిందనలేదు, సీటు నిండిందనలేదు.

పట్టాకు వేరొక గౌరవం కూడా ఉంది, దాన్ని తత్త్వవేత్తలు తేలికగా తీసిపారేస్తారు. పట్టా ఉన్నవాడు తనకు తెలుసని తానే చెప్పుకోనక్కర లేదు, ఇంకొకరు పూచీపడి చెబుతారు. పుట్టుకనుబట్టి, ఇంటిపేరునుబట్టి, సిఫార్సునుబట్టి యోగ్యత నిర్ణయమైన సమాజంలో, ఎవరికీ బంధువు కాని పల్లెటూరి అమ్మాయి చేతిలో ఉన్న ప్రొవిజనల్ సర్టిఫికెట్టు ఆమె తరఫున మాట్లాడే ఒకే ఒక సాక్షి. ఆమె ఇంట్లో ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పదో తరగతి మార్కుల జాబితా, టీసీ, కులధ్రువీకరణలతో కలిపి బీరువాలో భద్రంగా దాస్తారు. ఇంట్లో బంగారం దాచే అర అదే అయి ఉంటుంది. అపశూద్రాధికరణం నోరు మూయించినవారికి పట్టా నోరిచ్చింది. అందువల్ల పట్టాలేని చదువును పొగిడే మాట, ఇప్పుడిప్పుడే పట్టా అందుకుంటున్నవారిని పక్కకు తప్పించే మాటగా మారకుండా చూసుకోవాలి. పట్టా ఉన్న తరాల వెనుక నిలబడి చదువు చదువు కోసమే అనడం సులభం. మొదటి తరం ఆ మాటను నమ్మవలసిన అవసరం లేదు.

పట్టాదీ, పట్టా లేని చదువుదీ అయిన ఈ రెండు న్యాయాలనూ కలుపుకున్న ఏర్పాటు ఒకటి జమ్మలమడుగు పరిసరాల్లోనే వెయ్యేళ్ల కిందట నడిచింది. పెన్న ఒడ్డున దానవులపాడులో ఇసుక కింద పూడిపోయి, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తవ్వకాల్లో బయటపడిన జైనక్షేత్రం రాష్ట్రకూటుల కాలంలో వెలిగింది. జైనసంఘానికి నాలుగు అంగాలు: మునులు, ఆర్యికలు, శ్రావకులు, శ్రావికలు. శ్రావకుడు దీక్ష తీసుకోడు, ఇల్లు వదలడు, వ్యాపారమో సేద్యమో కొలువో చేసుకుంటూ మునుల ఉపదేశం వింటాడు, తన శక్తికి తగిన చిన్న వ్రతాలు పడతాడు. అయినా అతడు సంఘానికి వెలుపలివాడు కాడు, దర్శించడానికి వచ్చిన పరాయివాడూ కాడు. నాలుగు కాళ్లలో ఒక కాలు. ముని వ్రతం వేరు, శ్రావక వ్రతం వేరు, ఫలాలు వేరు, సంఘం ఒక్కటే. రాష్ట్రకూట దండనాయకుడు శ్రీవిజయుడు జీవితమంతా యుద్ధాల్లో గడిపి చివరకు సన్యసించి దేహం వదిలిన సంగతిని దానవులపాడు శాసనం చెబుతుంది. వినేవాడిగా ఉన్నవాడికి ఎప్పుడో ఒకనాడు పూర్తి దీక్ష దారి తెరిచే ఉండేదన్నమాట.

విశ్వవిద్యాలయానికి అలాంటి శ్రావకుల పట్టిక ఒకటి ఉండాలి. అది సర్టిఫికెట్ కోర్సుల ప్రకటన వంటిది కాకూడదు. సర్టిఫికెట్ కోర్సు కూడా చివర కాగితమిచ్చే చిన్న పట్టాయే. ప్రొద్దుటూరులో అంగళ్లు మూసే వేళకు గాని ఖాళీ దొరకని గుమాస్తాకు పొద్దున పదింటి తరగతి పేరుకే తెరిచిన తలుపు కాబట్టి, వేళ మారాలి. గ్రంథాలయపు కార్డు అతనికీ ఇవ్వాలి. అధ్యాపకుడు తన హాజరు పుస్తకంలో చివరి పుటలోనైనా అతని పేరు రాసుకోవాలి, ఎందుకంటే పేరు రాసుకున్నవాడి సందేహానికే జవాబు చెప్పవలసిన బాధ్యత పుడుతుంది. ఏకలవ్యుడికి లోపించినది అదే. ఎప్పుడైనా అతను పట్టా కోరితే, విన్న పాఠాలకు పరీక్ష పెట్టి క్రెడిట్లుగా లెక్కించి మొదటి పట్టికలోకి తేవాలి. కోరకపోతే నైష్ఠికుడిగా ఉండనివ్వాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర లేదు. అక్కరైనది అధ్యాపకుల సంఖ్య: ఖాళీలను గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న కళాశాలల్లో ఉన్న విద్యార్థులకే సందేహాలు తీర్చే తీరిక లేనప్పుడు, సాయంత్రం వచ్చి కూర్చునేవాడికి ఎవరు చెబుతారన్న ప్రశ్న మిగులుతుంది. ఆ ఖాళీలు నింపనంతవరకు శ్రావకుడి ముందున్న నిషేధం ఏ స్మృతిలోనూ రాయకపోయినా అమలులోనే ఉంటుంది.